బరువైన ఎస్‌ఎంపీఎస్

కంప్యూటర్ నాది. దాన్ని విడిభాగాలు కొని బిగించుకునేది నేను. దాని మీద పని చేసి బతకాల్సిందీ నేనే. కానీ ఆ రోజు పార్క్‌లేన్‌లో దుర్గేష్ కంప్యూటర్ దుకాణం కౌంటర్ ముందు నిలబడితే, దానికేం కావాలో నాకు తప్ప అందరికీ తెలిసినట్టే ఉంది.

"అక్కా, గీ క్యాబినెట్ జూడు," అన్నాడు దుర్గేష్. నల్లటి అద్దాల పెట్టె. స్విచ్ వెయ్యగానే లోపల ఫ్యాన్లు ఎరుపు, నీలం, ఊదా రంగుల్లో తిరిగాయి. "దీంతోని ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ వస్తది. మళ్ళ సపరేటుగ కొనుడెందుకు?"

మా ఆయన హరికిషన్ ఆ రంగుల్ని చూస్తూ కన్నార్పలేదు. లాలాగూడ వర్క్‌షాపులో రైలు పెట్టెలకు రంగులేసే సెక్షన్‌లో ఆయన పని. ఇంటికొచ్చాకైనా రంగులు మొహం మొత్తుతాయేమో అనుకుంటాను, మొత్తవు.

"మంచిగుంది గద కల్పా. ఫ్రీ అంటుండు సుత," అన్నాడు.

ఎస్‌ఎంపీఎస్ అంటే మరేం లేదు, గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటును కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి లోపలున్న ప్రతి భాగానికీ పంచిపెట్టే ఇనప డబ్బా. పెట్టె లోపల ఓ మూలన కూర్చుని ఉంటుంది, ఎవరికీ కనిపించదు. కనిపించదు కాబట్టే జనం ఫ్రీగా వచ్చినదానితో సరిపెట్టుకుంటారు. ఇంటికి పెద్దకోడలిని చూసినట్టే దాన్నీ చూస్తారు, ఏదన్నా తగలబడితే తప్ప గుర్తురాదు.

ఫ్రీ డబ్బాని చేతిలోకి తీసుకున్నాను. పైన స్టిక్కరు మీద పెద్ద అంకె వేసుకుంది కానీ, ఖాళీ టిఫిన్ బాక్సులా తేలిపోయింది. ఇంకో చేత్తో నేను ఎంచుకున్నదాన్ని ఎత్తాను. మణికట్టు కిందికి జారింది. బరువుంటేనే మంచిదని కాదు, లోపల ఉండాల్సిన సరుకు ఉంటే డబ్బా అంత తేలిగ్గా ఉండదు. దాని మీద కరెంటు వృథా చెయ్యదని చెప్పే బ్రాంజ్ గుర్తు ఉంది. ఓల్టేజీ ఎగిరినా, భారం మించినా, ఒళ్ళు వేడెక్కినా తనంతట తానే ఆగిపోతుందని అట్టపెట్టె మీద రాసి ఉంది. ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు, డిస్కులు అన్నీ ఒక్కసారే ఆకలని అరిచినా పెట్టి, ఇంకా మిగుల్చుకోగలదు. ఆ లెక్కలన్నీ ఇంట్లోనే వేసుకుని వచ్చాను.

"ఎస్‌ఎంపీఎస్ ఎవలకు కనవడ్తదక్కా? గా పైసలు గ్రాఫిక్ కార్డు మీద పెట్టు, ఎడిటింగ్ ఝమ్మని నడుస్తది," అన్నాడు దుర్గేష్. చెడ్డవాడేం కాదు, అందరికీ చెప్పేదే నాకూ చెప్పాడు.

"కార్డు ఒక మెట్టు తగ్గియ్యి. క్యాబినెట్ లైట్లు లేనిది ఇయ్యి. ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఇదే," అన్నాను.

"ఒక్క లైటన్న ఉండనియ్యి కల్పా," అన్నాడు హరికిషన్ దీనంగా.

"పండుగకు సీరియల్ బల్బులు వేస్తా తియ్యుండ్రి," అన్నాను. దుర్గేష్ నవ్వుకుంటూ బిల్లు రాశాడు.

నా పంతానికి కారణం ఉంది. మోండా మార్కెట్ వెనక సందులో ధర్మరాజు సార్ స్టూడియోలో నేను ఏళ్ళ తరబడి పెళ్ళి ఆల్బమ్‌లు, వీడియోలు చేశాను. అక్కడి కంప్యూటర్‌కి ఉన్నది క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎసే. ఎండాకాలం వచ్చిందంటే చాలు, పని మధ్యలో టప్పున ఆగేది. మెకానిక్ ఎందుకు దండగ అని సారే మూత విప్పేవాడు. నేను టార్చి పట్టుకుని పక్కన నిలబడాలి. "టార్చి సరిగ్గా పట్టుకోమ్మా, ఆ మాత్రం కూడా చేతకాదా నీకు?" అనేవాడు, వచ్చే పోయే కస్టమర్ల ముందే. సార్, ఎస్‌ఎంపీఎస్ మార్చండి అంటే, "వచ్చే సీజన్‌కి చూద్దాంలేమ్మా," అనేవాడు. ఆయన చెప్పిన సీజన్ ఏ పంచాంగంలోనూ రాలేదు.

ఒకరోజు అది పేలింది. పోతూ పోతూ హార్డ్ డిస్కుని కూడా తీసుకుపోయింది. అందులో ఒక అమ్మాయి పెళ్ళి మొత్తం ఉంది. తలంబ్రాలు లేవు, అప్పగింతలు లేవు, ఏమీ మిగల్లేదు. ఆ పిల్ల తల్లి వచ్చి స్టూడియోలో కూలబడి ఏడిస్తే, ధర్మరాజు సార్ చెయ్యెత్తి నన్ను చూపించాడు. "మా కల్పలతేనండీ దాని మీద కూర్చుంది," అన్నాడు. ఆవిడ నా వైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడ మీద కాదు.

ఆ నెలాఖరుకి మానేశాను. మానేస్తున్నానని చెప్పినప్పుడు సార్ నవ్వాడు. "ఇంట్లో పెట్టుకుని చేస్తావా? అదేమన్నా మిక్సీ అనుకున్నావా, ప్లగ్గు పెట్టగానే తిరగడానికి? సీజన్ అయిపోయేలోపు మళ్ళీ నా దగ్గరికే వస్తావు, చూస్తూ ఉండు." నేను తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండా మెట్లు దిగాను. నా చేతుల్లో ఇంకెవరి పెళ్ళీ పోకూడదు, మళ్ళీ ఆ టార్చి పట్టుకోకూడదు. నాకు కావలసింది ఆ రెండే.

మా క్వార్టర్స్ ముందుగదిలో చాప పరిచి, ఫోన్‌లో వీడియో పెట్టుకుని, కంప్యూటర్ బిగించడం మొదలుపెట్టాను. ప్రాసెసర్‌ని దాని గూట్లో కూర్చోబెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాను. ఎస్‌ఎంపీఎస్‌ని క్యాబినెట్ అడుగున పెట్టాలి. దాని ఫ్యాన్ కిందికి చూడాలి, పెట్టె అడుగున ఉన్న చిల్లుల జాలీలోంచి చల్లగాలి పీల్చుకుని వెనక నుంచి వదులుతుంది. నాలుగు స్క్రూలూ బిగించాక ఒకసారి కదిపి చూశాను, ఇటుక పెట్టి కట్టినట్టు కదల్లేదు. మా అత్తమ్మ బుచ్చమ్మ గడప మీద కూర్చుని ఉల్లిగడ్డలు వలుస్తూ అంతా చూసింది.

"అత్త కాలంల కుట్టు మిషను, కోడలు కాలంల గీ డబ్బా," అంది.

అన్నీ కలిపి బటన్ నొక్కాను. ఏమీ జరగలేదు. హరికిషన్ గొంతు సవరించుకున్నాడు, ఫ్రీ దాని గురించి ఏదో అనబోతున్నాడని తెలిసిపోయింది. ఎస్‌ఎంపీఎస్ వెనకాల ఒక బుల్లి స్విచ్ ఉంటుంది, అది వెయ్యడం మర్చిపోయాను. వేసి మళ్ళీ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది. నా చేతులతో బిగించిన యంత్రం నాకు నమస్తే చెప్పినట్టనిపించి, ఉల్లిగడ్డల ముందు కూర్చోకపోయినా కళ్ళ నీళ్ళు వచ్చాయి. హరికిషన్ వెళ్ళి మిర్చీ బజ్జీలు పట్టుకొచ్చాడు.

శుక్రవారం పొద్దున అత్తమ్మ దానికి పూజ చేసింది. క్యాబినెట్‌కి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది, దిష్టికి నిమ్మకాయ తిప్పింది. కొత్త వస్తువుని ఉత్త పీట మీద పెట్టకూడదని తన ట్రంకు పెట్టెలోంచి ఒక పచ్చ రవికె గుడ్డ తీసి పీట మీద పరిచి, దాని మీద కంప్యూటర్ పెట్టించింది. మా ఇళ్ళలో రవికె గుడ్డల సంగతి తెలిసిందే, వాటిని ఎవరూ కుట్టించుకోరు. బొట్టు పెట్టి ఒకరికిస్తే, వాళ్ళు ఇంకొకరికి పెడతారు. ఈ పచ్చ గుడ్డ అలా ఎన్ని గడపలు తొక్కిందో దేవుడికే తెలియాలి.

"బోణీ అయ్యేదాంక తీయొద్దు బిడ్డా," అంది అత్తమ్మ. "బోణీ గాకముందు కదిలిస్తే లచ్చిమి పోతది."

నేను భక్తిగా దండం పెట్టాను. లక్ష్మి సంగతి ఆలోచించాను కానీ, అడుగున ఉన్న జాలీ సంగతి ఆలోచించలేదు.

బోణీ బేరం పక్క బ్లాకు నుంచే వచ్చింది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఎమిలీ ఆంటీ కూతురు షెకీనా పెళ్ళి. రిసెప్షన్‌లో చర్చి హాలు తెర మీద వెయ్యడానికి, పిల్ల పుట్టినప్పటి నుంచి ఎంగేజ్‌మెంట్ దాకా ఒక చిన్న సినిమా కావాలి. షెకీనా వాళ్ళ నాన్న రైలు డ్రైవరు, ఆయన పోయి కొన్నేళ్ళయింది. పాత ఫోన్‌లో ఆయన వీడియో ఒకటి దొరికింది. షెకీనాకి సైకిల్ నేర్పిస్తూ, "నేను పట్టుకున్నలే, నువ్వు తొక్కు," అంటుంటాడు. అప్పటికే చెయ్యి వదిలేసి ఉంటాడు. ఆ ముక్కని ఎక్కడ పెట్టాలా అని నేను చాలాసేపు ఆలోచించాను.

"కల్పా, నీ మీద నమ్మకంతోనే ఇస్తున్న," అంది ఆంటీ. "కానీ పిల్లగాని వైపోళ్ళు ఫోటోలకు ధర్మరాజు గారిని పెట్టుకున్నరు. శనివారం సాయంత్రానికి సినిమా చేతికి రాకుంటే ఆయనకే ఇచ్చేద్దాం అంటున్నరు."

"వస్తది ఆంటీ," అన్నాను.

ధర్మరాజు సార్ పేరు వినగానే నాలో ఏదో లేచి కూర్చుంది. ఆ రెండు వారాలు నేను తిండి తిన్నది కూడా కంప్యూటర్ ముందే. ఆంటీ ఇచ్చిన ఫోటోలకు, వీడియోలకు వేరే డిస్కులో కాపీ పెట్టుకున్నాను. కానీ కత్తిరించి, అతికించి, రంగులు సరిచేసిన పనంతా కంప్యూటర్‌లోనే ఉంది.

శనివారం మధ్యాహ్నానికి కూర్పు పూర్తయింది. ఇక ముక్కలన్నిటినీ కలిపి ఒక్క సినిమాగా బయటికి తీయాలి. అన్నిటికంటే బరువైన పని అదే, కంప్యూటర్ ఒళ్ళు దాచుకోకుండా పని చెయ్యాలి. బయట మే నెల ఎండ. కూలర్ గాలి కూడా వేడిగానే కొడుతోంది. బటన్ నొక్కి, తెర మీద గీత నిండుతుంటే చూస్తూ కూర్చున్నాను. సగం నిండింది.

టప్పున ఆగిపోయింది.

ఆ చప్పుడు నాకు బాగా తెలుసు, స్టూడియోలో ఎన్నోసార్లు విన్నదే. కాసేపు ఆగి మళ్ళీ వేస్తే వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి సగం కూడా కాకముందే ఆగింది.

"నేను అన్న గద, ఫ్రీ దాన్ని ఇడిసిపెట్టి గింత పెట్టి దీన్ని కొంటివి," అన్నాడు హరికిషన్. ఆయనకి నా మీద జాలిగానే ఉంది, కానీ నోరు ఆగదు. దుర్గేష్‌కి ఫోన్ కూడా చేశాడు.

"పరేషాన్ గాకు అక్కా," అన్నాడు దుర్గేష్ స్పీకర్‌లో. "ఒక్కోపాలి పీస్ ఖరాబ్ వస్తది. అది తీసి బయట పెట్టుండ్రి, నా దగ్గర ఫ్రీ పీసు ఉన్నది, పంపిస్త. ఇయ్యాల్టికి బండి నడుస్తది."

ఆ మాటలు జరుగుతుండగానే ఎమిలీ ఆంటీ లోపలికొచ్చింది, చేతిలో పెళ్ళికి చేయించిన గులాబీ పూలనే పిండివంట ఉన్న స్టీలు డబ్బాతో. నల్లటి తెర చూసింది, మా మొహాలు చూసింది. డబ్బా పట్టుకునే కుర్చీలో కూర్చుండిపోయింది.

"ధర్మరాజు గారు ఫోన్ చేసిండు కల్పా. ఫోటోలు, వీడియోలు పంపిస్తే సాయంత్రానికి ఏదో ఒకటి చేసిస్తడంట," అంది మెల్లగా. "నిన్ను తక్లీఫ్ పెట్టను. ఇచ్చేద్దామా?"

ఏదో ఒకటి. ఆ పిల్ల తండ్రి మాట్లాడే ముక్కని ఆయన ఏదో ఒక డప్పుల సంగీతం కింద పాతిపెడతాడు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. హరికిషన్ అప్పటికే స్క్రూడ్రైవర్ తీశాడు.

"ఆగుండ్రి," అన్నాను. "దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోను."

మళ్ళీ ఆన్ చేశాను. వచ్చింది. నా పని ఫైలు తెరిచాను. ఒక్క ముక్క పోలేదు, ఒక్క కట్ చెదరలేదు. తెర మీద షెకీనా వాళ్ళ నాన్న, "నేను పట్టుకున్నలే," అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. స్టూడియోలో ఆగినప్పుడల్లా ఏదో ఒకటి పోయేది, ఫైలో, డిస్కో, ఎవరిదో పెళ్ళో. ఇది రెండుసార్లు ఆగినా దేన్నీ పోనివ్వలేదు. కాసేపు ఊరుకుంటే మళ్ళీ లేస్తోంది. చెడిపోయింది ఇంత పద్ధతిగా ఉండదు. ఇది చెడిపోలేదు, భరించలేక తనంతట తనే ఆగుతోంది. ఒళ్ళు వేడెక్కితే ఆగుతానని అట్టపెట్టె మీద రాసుకుని మరీ వచ్చింది.

మరి వేడెందుకెక్కుతోంది? కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, వెనక చెయ్యి పెట్టాను. దోసె పెనంలా కాలుతోంది. ఇంత వేడి గాలి లోపలికి పోనప్పుడే వస్తుంది.

"జెర పట్టుండ్రి," అన్నాను హరికిషన్‌తో. ఇద్దరం కలిసి క్యాబినెట్‌ని పక్కకి వాల్చాం.

పచ్చ రవికె గుడ్డ కూడా దానితోపాటే లేచి వచ్చింది. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ లాగిన లాగుడికి అడుగున జాలీకి మధ్యదాకా అతుక్కుపోయి, వేడికి అలాగే బిగిసిపోయి ఉంది. పాపం, ముక్కు మీద తడిగుడ్డ వేసి పరుగెత్తమన్నట్టు రెండు వారాలుగా నేను దాని చేత పని చేయించుకుంటున్నాను. చల్లటి పూటల్లో, చిన్న పనులకి ఎలాగో నెట్టుకొచ్చింది. ఈ ఎండలో, ఈ బరువు పనికి ఇక వల్ల కాలేదు.

అందరం అత్తమ్మ వైపు చూశాం. నా కోపం నాలుక చివరి దాకా వచ్చింది, దాచుకోవడమెందుకు. కానీ ఆమె మొహం చూశాక మింగేశాను.

"నా గుడ్డనే మూసిందా బిడ్డా?" అంది అత్తమ్మ. లేచి వచ్చి, వంగి, జాలీని చేత్తో తడిమింది. వేడి తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఊపిరాడకుంటే నేను సుత కూలవడ్త. తీసెయ్." అని మళ్ళీ ఆగింది. "గని బోణీ కాలే గద. ఎట్ల?"

ఎమిలీ ఆంటీ కుర్చీలోంచి లేచింది. డబ్బా మూత తీసి, ఒక గులాబీ పువ్వు నా నోట్లో పెట్టింది, ఇంకోటి అత్తమ్మ చేతిలో పెట్టింది.

"ఇగో బోణీ. మొదటి పని నాదే, మొదటి తీపి నాదే," అంది.

అత్తమ్మ ఆ పువ్వుని కళ్ళకద్దుకుని, గుడ్డని ఒక్క గుంజుతో ఊడబీకింది. పీట కూడా తీసేసి, క్యాబినెట్ కింద రెండు ఇటుకలు పెట్టాం. కూలర్ అటు తిప్పాం. మేమంతా చెమటలు కక్కుతూ కూర్చుని దానికి గాలి వదిలేశాం. హరికిషన్ కూడా పేపరు మడిచి దాని వెనకాల విసురుతూ కూర్చున్నాడు.

మూడోసారి బటన్ నొక్కాను. గీత కదిలింది. సగం దగ్గరికి వచ్చినప్పుడు ఎమిలీ ఆంటీ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది, అత్తమ్మ ఆంజనేయుణ్ణి తలుచుకుంది. నేను మాత్రం ఆ ఇనప డబ్బాకే మొక్కాను. గీత నిండిపోయింది. సినిమా వచ్చేసింది. నేను గట్టిగా అరిచాను కాబోలు, పక్కింటివాళ్ళు తొంగి చూశారు.

ఆదివారం చర్చి హాల్లో లైట్లు ఆర్పారు. సినిమా మొదలైంది. చివర్లో తెర మీద సైకిల్ వచ్చింది. సంగీతం తీసేసి అక్కడ ఆయన గొంతు ఒక్కటే ఉంచాను. "నేను పట్టుకున్నలే, నువ్వు తొక్కు." పిల్ల తొక్కుకుంటూ దూరంగా పోతుంది, తిరిగి చూసి నవ్వుతుంది. పెళ్ళికూతురి గౌనులో ఉన్న షెకీనా రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆంటీ అంతమంది మధ్యలోంచి వచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. తల్లుల ఏడుపు నేను ముందూ చూశాను, కానీ ఈ ఏడుపుకి నేను తల దించుకోవాల్సిన పని లేదు. అంత గర్వంగా నేనెప్పుడూ నిలబడలేదు.

కెమెరా మెడలో వేసుకున్న ధర్మరాజు సార్ భోజనాల దగ్గర నా పక్కకి వచ్చాడు.

"బాగా చేశావమ్మా. ఎక్కడ చేయించావు?"

"ఇంట్ల సార్. నా కంప్యూటర్ మీద."

ఆయన ప్లేట్లో బిర్యానీ కలిపాడు. తర్వాత గొంతు తగ్గించి, "మనది మళ్ళీ మొరాయిస్తోంది. ఏ ఎస్‌ఎంపీఎస్ వేశావు నువ్వు? ఒకసారి వచ్చి చూసిపెడతావా?" అన్నాడు.

సీజన్ అయిపోయేలోపు మళ్ళీ నా దగ్గరికే వస్తావు అన్నాడు కదా, ఆయన మాట పోనివ్వడం ఎందుకని వెళ్ళాను. వెళ్ళేముందు మోండా మార్కెట్‌లో టైలర్ దగ్గర ఆ పచ్చ గుడ్డతో రవికె కుట్టించుకున్నాను. ఇంకో గడపకి పంపాల్సిన గుడ్డని కుట్టించానని అత్తమ్మ గొణగబోయి, తొడుక్కున్నాక చూసి, "నీకు మంచిగున్నది బిడ్డా," అంది.

స్టూడియోలో పాత కంప్యూటర్ మూత విప్పాను. లోపల దుమ్ము, పక్కన దుర్గేష్ దగ్గర నేను ఎంచి తెచ్చిన బరువైన కొత్త ఎస్‌ఎంపీఎస్. ఎప్పటిలాగే ఆ మూలకి వెలుతురు చాలలేదు. కౌంటర్ దగ్గర ఇద్దరు కస్టమర్లు కూర్చుని చూస్తున్నారు. ధర్మరాజు సార్ డ్రాయరులోంచి ఆ పాత టార్చి తీసి వెలిగించాడు.

"టార్చి జెర సరిగ్గ పట్టుకోండి సార్," అన్నాను.

పట్టుకున్నాడు.